మూడు టిక్కులు

భాగ్యమ్మ పిలవలేదని కాగితంలో రాశారు. ప్రమాదం మీద ఆఫీసు వాళ్ళు రాసిన ఇంగ్లీషు కాగితం అది. ఊరి బడిలో నేర్చిన ఇంగ్లీషుతో మిగతాదంతా నాకు అర్థం కాలేదు గానీ రెండు మాటలు అర్థమయ్యాయి. నో కాల్.

భాగ్యమ్మ నా భార్య. గచ్చిబౌలిలో ఇద్దరం ఒకే బిల్డింగులో పనిచేసేవాళ్ళం. నేను సెక్యూరిటీ, సెల్లారు ర్యాంపు దగ్గర. ఆమె హౌస్‌కీపింగు. ఆ బిల్డింగుకు భూమిలోపల మూడు సెల్లార్లు. మూడో సెల్లారు మూలకు పంపు గది. వాన పడితే నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి, అక్కడి నుంచే పైకి తోడతారు. ఆమె ఆ గదిలోనే పోయింది.

ప్రాణం మీదికి వచ్చినా ఎవరినీ పిలవకుండా పోయిందట. అట్లా రాస్తే వాళ్ళకు సుఖం. పిలవని మనిషిని ఎందుకు కాపాడలేదని ఎవరూ అడగరు. నాకు కావలసింది ఒక్కటే. ఆ రెండు మాటలు కొట్టేసి, పిలిచింది అని రాయాలి.

"పిలిచిందని నీకెట్ల తెల్సు రామచంద్రం? నీకు వినిపించిందా?" అని అడిగాడు వినయ్ సారు. బిల్డింగు మేనేజరు ఆయన.

"ఇనవడలేదు సార్."

"మరి?"

మరి అంటే చెప్పాలి. చెప్పాలంటే టిక్కుల సంగతి చెప్పాలి. అది ఆయనకు చెప్పగూడని సంగతి. ఆయన భయానికి పుట్టిందే అది.

మా అందరి దగ్గరా సెట్లు ఉంటాయి. చేతిలో పట్టుకుని, బటన్ నొక్కి మాట్లాడే సెట్లు. సెల్లార్లలో ఫోన్లు పనిచేయవు కనుక హౌస్‌కీపింగు ఆడవాళ్ళకూ ఇచ్చారు. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఒకనాడు లాబీలో విదేశాల నుంచి వచ్చిన పెద్దమనుషులు కాఫీ తాగుతున్నారు. గార్డు మహేందర్ వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాడు. అతని భుజం మీది సెట్‌లో చెన్నమ్మ గొంతు లేచింది.

"ఓ మహేందరూ! నాలుగో ఫ్లోరు లేడీస్ బాత్రూముల నల్ల బంద్ అయితలేదురా! సముద్రమైంది! జల్ది రారా నాయనా, ఈత రానోళ్ళం మునుగుతం!"

విదేశీయులకు అర్థం కాలేదు. మనవాళ్ళకు అర్థమై నవ్వారు. వినయ్ సారు నవ్వలేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళందరినీ వరుసగా నిలబెట్టాడు.

"సెట్‌లో మీ గొంతు వినబడొద్దు. ఇది ఆఫీసు, అంగడి కాదు. చెప్పేది సూపర్‌వైజర్ చెప్తడు. మీరు వింటే చాలు."

ఆనాటి నుంచి ఆడవాళ్ళు సెట్‌లో నోరు తెరవలేదు. వేలు వాడారు. బటన్ నొక్కి వదిలితే అన్ని సెట్లలోనూ టిక్కుమని చప్పుడవుతుంది. ఒక టిక్కు అంటే చెప్పిన చోటికి చేరాను. విన్నవాళ్ళు తిరిగి ఒక టిక్కు వేయాలి. రెండంటే పని అయిపోయింది. మూడంటే రా. మూడింటికి జవాబు ఉండదు. విన్నవాడు టిక్కు వేస్తూ కూర్చోగూడదు, లేచి ఉరకాలి. ఇది ఎవరు పెట్టారో తెలియదు. కొన్నాళ్ళకు గార్డులమూ నేర్చుకున్నాం. ఎవరి వేలు ఏదో కూడా తెలిసేది. భాగ్యమ్మది నిదానం. చపాతీ పిండి నొక్కినట్టు నొక్కేది.

వినయ్ సారుకు ఇది తెలియదు. సెట్లు పాతబడి చప్పుడు చేస్తున్నాయనుకున్నాడు. "ఈ టిక్ టిక్ ఏందిరా, పరేషాన్!" అనేవాడు. మేము తలలూపేవాళ్ళం.

ఆరో అంతస్తులో రేడియోలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉంది. వాళ్ళు తెలివైన సెట్లు చేశారు. అమ్మేముందు మా మీద పరీక్షించుకుంటామన్నారు. వినయ్ సారు సరేనన్నాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

సెట్లు పంచడానికి కిరణ్మయి అనే అమ్మాయి వచ్చింది. ఇంజినీరు. కోస్తా నుంచి వచ్చిన పిల్ల. మర్యాదస్తురాలు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

"పాత సెట్‌కి ఒకటే దారండీ. అక్కడ రద్దీ ఉంటే ఇరుక్కుపోతుంది. ఇది అలా కాదు. ముందు గాలిలో ఎవరెవరు మాట్లాడుకుంటున్నారో వింటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళి మన మాట పంపుతుంది. ఆ చోటు అసలు హక్కుదారు వచ్చాడనుకోండి, వెంటనే లేచి ఇచ్చేసి ఇంకో ఖాళీ వెతుక్కుంటుంది. చోటు దొరగ్గానే ఇదిగో, ఈ పచ్చ లైటు వెలుగుతుంది."

చెన్నమ్మ వెనక నుంచి అంది, "అంటే లిఫ్టుల మా లెక్కనే మేడం. ఖాళీగుంటె ఎక్కుడు, సార్లొస్తే దిగుడు."

ఆడవాళ్ళు కిసకిసలాడారు. కిరణ్మయి కూడా నవ్వింది. "అలాంటిదేనండీ. పైగా రోజురోజుకీ తనంతట తనే నేర్చుకుంటుంది. ఏది అవసరమో, ఏది కాదో."

"మేం గూడ గట్లనే నేర్సినం" అంది చెన్నమ్మ.

"ఇంకేమైనా అనుమానాలున్నాయా అండీ? మీరు సెట్‌ని ఎలా వాడతారో చెబితే మాకు మంచిది."

సరిగ్గా అదే ప్రశ్న అడిగింది. భాగ్యమ్మ చెన్నమ్మ వంక చూసింది. చెన్నమ్మ వినయ్ సారు వంక చూసింది. ఆయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. భాగ్యమ్మ కొంగు చాటున కొత్త సెట్ బటన్ నొక్కి వదిలింది. మహేందర్ చేతిలో సెట్ టిక్కుమంది. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు మేడం" అన్నారు అందరూ ఒక్కసారే.

సాయంత్రం గోపన్‌పల్లిలోని మా కిరాయి గదికి నడుస్తూ, "పనిజేస్తుంది గద. ఇగ ఏం చెప్పాలె?" అంది భాగ్యమ్మ. నాకూ అదే సబబనిపించింది. ఆనాడు పనిచేసింది. తరువాత కూడా పనిచేస్తూనే ఉంది.

ఆ వాన మధ్యాహ్నం మొదలైంది. ముందు మబ్బు కూడా పెద్దగా లేదు. చూస్తుండగానే రోడ్డు కాలువైంది. ఆఫీసు బస్సులు నడిరోడ్డున ఆగిపోయాయి. బైకులు తోసుకుంటూ ఆఫీసు పిల్లలు మా గేటు ముందు నుంచి పోతున్నారు. చుట్టుపక్కల బిల్డింగుల గార్డులు, ట్రాఫిక్ వాళ్ళు, కరెంటు వాళ్ళు, ఒక్కొక్కరే సెట్లు అందుకుంటున్నారు.

పంపు నడిపే మనిషి ఆనాడు రాలేదు. మూడో సెల్లారులో నీళ్ళు పోయే జాలీకి ఆకులు అడ్డం పడ్డాయని, తీసేసి పంపు స్విచ్చి వేసి రమ్మని వినయ్ సారు భాగ్యమ్మను పంపాడు. ఆమె ర్యాంపు దిగుతూ నా దగ్గర ఆగింది.

"పొద్దుగాల బండలు తడిలేకుంట తుడువుమన్నడు. ఇప్పుడేమో కింద నీళ్ళు ఎత్తుమంటున్నడు. ఈ బిల్డింగుకు తిక్కనే ఉన్నది."

"జర పైలం. కరెంటు డబ్బా ఉంటదాడ."

"నాకు జెప్తున్నవా? నువ్వే ఆ గొడుగు పట్టుకొని మెరుపుల కింద నిలవడ్డవ్. అన్నం డబ్బా నా సంచిల ఉంది, ఆకలైతే తిను. నా కోసం ఆగకు."

పోయింది. కాసేపటికి ఒక టిక్కు వచ్చింది. నిదానంగా. చేరింది. నేను ఒకటి వేశాను.

ఆ తరువాత పక్క స్థలం ప్రహరీ కూలింది. దాని వెనక నిలిచిన నీళ్ళన్నీ మా గేటులోకి వచ్చాయి. ర్యాంపు ముందు ఇసుక బస్తాలు వేశాం. అవీ కొట్టుకుపోయాయి. నీళ్ళు ర్యాంపు మీద నుంచి లోపలికి జారుతుంటే ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినబడలేదు. అప్పుడే సెట్‌లో వినయ్ సారు అరిచాడు.

"ఎవ్వరూ సెట్‌లో మాట్లాడొద్దు! నేను ఫైర్ వాళ్ళతో, కరెంట్ వాళ్ళతో మాట్లాడుతున్నా! లైన్ ఖాళీగా ఉంచండి!"

ఆ మాట అన్ని సెట్లలోనూ వినబడింది. పంపు గదిలో కూడా వినబడే ఉంటుంది.

నేను మహేందర్‌ను అడిగాను. "భాగ్యమ్మ వచ్చిందారా పైకి?"

"ఆడోళ్ళందరు లాబీలనే ఉన్నరు కాకా."

అందరూ అన్నాడు. లైన్ ఖాళీగా ఉంచమన్నారని రెండు టిక్కులు వేయకుండానే మెట్ల దారిన వచ్చిందనుకున్నాను. నా సెట్‌లో మూడు టిక్కులు రాలేదు. టిక్కు లేదంటే ఫికర్ లేదు. మా లెక్క అది. నమ్మాను.

పంపు గదికి ఇనుప తలుపు. బయటికి తెరుచుకుంటుంది. బయట నీళ్ళు నిలిస్తే లోపలి నుంచి ఎంత తోసినా రాదు. ఫైరు వాళ్ళు నీళ్ళు తోడిన తరువాత తలుపు తీశారు. నీళ్ళు కరెంటు డబ్బాకు తగిలి ఆమె పోయిందన్నారు. ఎంతసేపు బతికి ఉందో ఎవరూ చెప్పలేదు. సెట్ తాడు మణికట్టుకు చుట్టుకుని ఉంది. నీళ్ళు లోపలికి పోని సెట్లు అవి.

"కాకా, ఇది ఇంక వెలుగుతుంది" అన్నాడు మహేందర్.

పచ్చ లైటు. చోటు దొరికిందని.

కాగితం వచ్చిన తరువాత నేను ఆరో అంతస్తుకు పోయాను. సార్లెక్కే లిఫ్టులోనే పోయాను. ఎవరూ దిగమనలేదు. భార్య చచ్చినవాడికి కొన్నాళ్ళు ఆ మాత్రం మర్యాద ఉంటుంది.

కిరణ్మయికి టిక్కుల సంగతి మొత్తం చెప్పాను. ఒకటి, రెండు, మూడు. ఆమె ముందు రాసుకుంటూ విన్నది. కొంతసేపటికి రాయడం మానేసింది.

"మాట్లాడకుండా నొక్కి వదిలేస్తారా? అంతేనా?"

"అంతే మేడం."

"ఆ రోజు అడిగాను కదండీ. ఎవరూ చెప్పలేదే."

"వినయ్ సారు ఆడనే ఉండె."

ఆమె పెన్ను మూత పెట్టింది. తరువాత, "రేపు వినయ్ గారు బయటికి వెళ్ళాక ఒకసారి చూద్దామండీ" అంది.

మరునాడు తన జట్టు పిల్లలకు సెట్లు ఇచ్చి, లాబీలోనూ మెట్ల మీదా నిలబెట్టి, ఆపకుండా మాట్లాడమంది. వాన నాటి రద్దీ కావాలంది. వాళ్ళు క్రికెట్టు గురించి మాట్లాడుకున్నారు. నేను మూడో సెల్లారుకు దిగాను. గోడ మీద నీళ్ళు నిలిచిన గుర్తు నా తల కన్నా పైన ఉంది. పంపు గదిలో నిలబడి మూడుసార్లు నొక్కాను. భాగ్యమ్మ నొక్కినట్టే, నిదానంగా. పచ్చ లైటు వెలిగింది. ఆ లైటు చూస్తే నాకైనా అందిందనే అనిపిస్తుంది.

పైకి వచ్చాను. కిరణ్మయి చేతిలో సెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చిందా మేడం?"

ఆమె తల ఎత్తలేదు. "రాలేదండీ. ఖాళీ ఉన్నప్పుడు అన్నీ పంపుతుంది. రద్దీ అయితే మనిషి గొంతుకు మాత్రమే చోటిస్తుంది. గొంతు లేని నొక్కుడు పొరపాటున వేలు తగిలిందని నేర్చుకుంది. వదిలేస్తోంది."

"మరి పచ్చ లైటు?"

"చోటు దొరికిందని వెలుగుతుందండీ. పంపానని కాదు."

"వదిలేసినవి యాడన్న దాసిపెడ్తదా?"

"లేదండీ. అక్కర్లేదనే కదా వదిలేసేది."

అంటే సాక్ష్యం కూడా లేదు.

"నేను చెబుతాను" అంది ఆమె. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "మీటింగ్ పెట్టిస్తాను. కానీ టిక్కుల పద్ధతి నిజంగా ఉందని మీవాళ్ళు కూడా చెప్పాలండీ. మీ ఒక్కరి మాట చాలదు. మీరు భర్త కదా."

చెన్నమ్మను అడిగాను. సర్వీసు లిఫ్టు దగ్గర మాప్ పిండుతూ ఉంది.

"చెప్పనా అన్నా? వదినె నాకేమన్న పరాయిదా? ఒక్క గిన్నెల తిన్నోళ్ళం. వాని ముంగటనే చెప్త. ఏం పీకుతడు?"

మహేందర్ కూడా సరేనన్నాడు.

మీటింగు రెండో అంతస్తులో, అద్దాల గదిలో. వినయ్ సారు, కిరణ్మయి, ఆమె పై అధికారి, బిల్డింగు యజమానుల తరఫున ఒకాయన. మేము ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమని కిరణ్మయి అంది. ఎవరూ కూర్చోలేదు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రద్దీలో గొంతు లేని పిలుపులను సెట్ వదిలేస్తోందని, తాను స్వయంగా చూశానని చెప్పింది. పై అధికారి మధ్యలో ఆపాడు.

"ఆ టెస్ట్‌కి పర్మిషన్ ఎవరిచ్చారు కిరణ్మయీ?"

ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది.

"మన సెట్ గొంతు కోసం చేసింది. గొంతు వస్తే పంపింది, రాకపోతే పంపలేదు. చెప్పిన పని చేసింది. అవునా, కాదా?"

"అవునండీ. కానీ…"

"అంతే."

అప్పుడు వినయ్ సారు మా వైపు తిరిగాడు. కోపం లేదు ఆయన ముఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"చెన్నమ్మా, ఒక మాట. సెట్ ఎట్ల వాడాలో మేడం నేర్పించింది గద? నొక్కి మాట్లాడమంది. అట్ల కాకుండ మీరు మీ సొంత సిగ్నల్స్ పెట్టుకున్నరంటే, అందరు రూల్ తప్పినట్టే. అప్పుడు మిమ్మల్ని పనికి పంపే ఏజెన్సీనే మార్చాలె. ఒక్కరు కాదు, అందరు పోతరు. ఇప్పుడు చెప్పు. ఈ టిక్కులు గిక్కులు అంటున్నడు రామచంద్రం. నిజమేనా?"

చెన్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"టిక్కులేంది సార్? మాకేం ఎర్క లేదు."

"మీరు బటన్ నొక్కి వదిలేస్తరా?"

"మేమెందుకు నొక్కుతం సార్? ఇనుమన్నరు, ఇంటం. గంతే."

"మహేందర్?"

మహేందర్ నేల చూశాడు. "చప్పుడొస్తుండె సార్. సెట్లు పాతయి గద అనుకున్న."

"కొత్త సెట్లురా ఇవి."

"ఏమో సార్."

యజమానుల మనిషి గడియారం చూసుకున్నాడు. నేను ఒక్కమాట అన్నాను. "చెన్నమ్మా, నా మొకం జూసి చెప్పు."

ఆమె నా ముఖం చూడలేదు. వినయ్ సారు నా భుజం మీద చెయ్యి వేసి, "బాధల ఉన్నవ్ రామచంద్రం. ఇంటికి వో. రెండు రోజులు లీవ్ తీస్కో" అన్నాడు.

కాగితం మారలేదు. మెట్ల దగ్గర కిరణ్మయి నా వెనకే వచ్చి, "క్షమించండి" అంది. క్షమించడానికి నేనెవరిని? ఆ మాట చెప్పవలసింది కాగితం రాసినవాళ్ళు. నెల తిరగకముందే ఆమె ఆ కంపెనీ మానేసి పోయింది. ఎక్కడికి పోయిందో తెలియదు. చోటు దొరికే ఉంటుంది.

చెన్నమ్మ ఆ సాయంత్రం గేటు బయట నా కోసం నిలబడింది.

"అన్నా, నాకిద్దరు పిల్లలు. పైకం పంపెటోడు ఎవడు లేడు. మేం పది మందిమి రోడ్డు మీద పడుదుము. వదినె ఎట్లన్న పాయె. మళ్ళ వస్తదా?"

నేను పక్కకు తప్పుకుని నడిచాను. ఆమెకు ఇద్దరు పిల్లలున్నారు. ఉండనీ. నాకు భాగ్యమ్మ ఉండేది.

ఇప్పుడు రూలు మారింది. ఆడవాళ్ళు సెట్‌లో మాట్లాడి తీరాలట. ఎక్కడికి పోయినా నోరు తెరిచి చెప్పాలట. ఎట్లా మాట్లాడాలో వినయ్ సారే దగ్గరుండి నేర్పించాడు. లాబీ నిండా వాళ్ళ గొంతులే. ఎవరూ నవ్వడం లేదు. పంపు గది తలుపు మాత్రం అదే. ఇప్పటికీ బయటికే తెరుచుకుంటుంది.

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. చినుకు లేదు. జాలీ చూసి రమ్మని చెన్నమ్మను మూడో సెల్లారుకు పంపారు. నా ముందు నుంచే ర్యాంపు దిగింది. నా వంక చూసింది. నేను గేటు వంక చూశాను.

కాసేపటికి నా సెట్‌లో ఒక టిక్కు.

గాలి ఖాళీగా ఉంది కనుక వచ్చింది. ఎరుక లేదన్న మనిషి వేలే అది. అలవాటు పోదు. చేరానని. నేను ఒకటి తిరిగి వేయాలి. అది పద్ధతి.

వేయలేదు.

మళ్ళీ ఒకటి వచ్చింది. కొంచెం ఆగి ఇంకొకటి. విడివిడిగా. మూడు కలిపి కాదు. నా బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

తరువాత గొంతు వచ్చింది. చిన్నగా, ఇనుప గదిలో మోగుతూ. "అన్నా… రామచంద్రమన్నా… పంపు గదిల ఉన్న. ఇనవడ్తుందా?"

జవాబు వినయ్ సారు ఇచ్చాడు, లాబీ నుంచి. "వినబడుతుంది చెన్నమ్మా! వెరీ గుడ్! ఇట్లనే మాట్లాడాలె!"

నేను సెట్ చప్పుడు తగ్గించి, డబ్బా తెరిచాను. నా వంట నాకు సయించదు. తిన్నాను.